చెడిన పెరటి నేలను బాగుచేసికొనుట

క్రొత్త ఇల్లు కట్టుకొన్నవారి పెరటిని ఒకసారి పరికించి చూడుడు. ఇల్లు ముచ్చటగా ఉండును. గృహప్రవేశపు మామిడి తోరణములు వాడక ముందే ఇంటివారు పెరటిలో ఒక మల్లెతీగను, ఒక కరివేప మొక్కను, ఒక నిమ్మను నాటుకొందురు. ఆరు నెలలు గడచును. మల్లె పూయదు. కరివేప లేత ఆకులు పసుపువన్నెకు తిరిగి, ఎదుగుదల లేక నిలిచిపోవును. వాన కురిసినచో నీరు రెండు మూడు దినములు నేలపైననే నిలుచును. ఎండ కాసినచో ఆ నేలయే గడ్డపారకు సైతము లొంగనంతగా బిగిసిపోవును.

అప్పుడు ఇరుగుపొరుగువారు రెండు సలహాలు చెప్పుదురు. ఈ మన్ను చచ్చినది, నాలుగు ట్రాక్టర్ల ఎర్రమన్ను తోలించి పైన పరపించుమని ఒకరందురు. మొక్కల చిక్కు మానుకొని పెరడంతయు సిమెంటు చేయించుమని మరియొకరందురు. ఈ రెండింటిలో దేనినైనను అంగీకరించుటకు ముందు గృహస్థులు కొంచెము ఆలోచింపవలెను.

తోలి తెచ్చెడు ఎర్రమన్ను ఊరక పుట్టినది కాదు. ఏ గుట్టను త్రవ్వియో, ఏ చేని పైపొరను గీకియో తెచ్చినది. ఒక అంగుళము పైమన్ను సహజముగా ఏర్పడుటకు వందల యేండ్లు పట్టును. మన పెరటి కొరకు మరియొక నేలను బోడి చేయుట న్యాయము కాదు. పైగా దాని వలన ప్రయోజనమును తక్కువ. క్రింద బిగిసిన పొర అట్లే ఉండగా పైన ఆరంగుళముల క్రొత్తమన్ను పరచినచో, వేళ్లు ఆరంగుళములు దిగి అక్కడ ఆగును. వాననీరును అక్కడనే ఆగి ఆ వేళ్లను కుళ్లజేయును. ఇక సిమెంటు మాట. నూరు చదరపు మీటర్ల పెరటిపై నూరు మిల్లీమీటర్ల వాన కురిసిన, అది పదివేల లీటర్ల నీరు. మన్నున్న పెరటిలో అందులో చాలభాగము ఇంకి భూగర్భమునకు చేరగలదు. సిమెంటు పరచిన పెరటినుండి ఆ నీరంతయు వీధికాలువ పాలగును. వేసవిలో బోరు ఎండినదని విచారించు ఇంటివారే వానకాలమున ఆ నీటిని వీధిలోనికి పంపుచుండుట మనము పట్టణములందు చూచుచునే యున్నాము.

కావున మేము చెప్పదలచినది మూడవ మార్గము. చెడిన పెరటి నేల చాలవరకు ఉన్నచోటనే బాగుపడును. అందుకు ధనము కంటె ఓర్పు ఎక్కువగా కావలెను. అన్నిటికంటె ముందు ఆ నేలకు వచ్చిన చెడుపు ఏదియో తెలిసికొనవలెను. జ్వరమునకును అజీర్ణమునకును ఒకే మందు ఈయము గదా. నేల విషయమునను అంతే.

నేల అనగా ఏమియో ముందు చూతము. మనము మన్ను అని పిలుచునది నిండుముద్ద కాదు. మంచి తోటనుండి ఒక గంపెడు మన్ను తీసికొన్నచో, అందులో ఇంచుమించు సగము మాత్రమే ఇసుక, ఒండ్రు, బంక అను రేణువులును, కొలదిపాటి కుళ్లిన ఆకుఅలములును. మిగిలిన సగము సందులు. ఆ సందులలో కొన్నింట నీరు, కొన్నింట గాలి ఉండును. వేళ్లు ఆ సందులలోనే పెరుగును, ఆ గాలినే పీల్చును, ఆ నీటినే త్రాగును. ఈ సందులు తమంతట ఏర్పడినవి కావు. సూక్ష్మజీవులు విడుచు జిగురు, శిలీంధ్రముల సన్నని దారములు, వేళ్ల రాపిడి, వానపాముల పని, ఇవన్నియు కలిసి రేణువులను చిన్నచిన్న గుళికలుగా కూర్చును. గుళికకును గుళికకును నడుమ సందు నిలుచును. ఇటుకలు కుప్పవోసినంత మాత్రమున ఇల్లు కాదు. గదులు, వాకిళ్లు, కిటికీలు ఉన్నపుడే ఇల్లగును. చెడిన నేలలో ఇటుకలన్నియు ఉన్నవి, గదులు కూలినవి. అట్టి నేలపై ఎరువుల సంచి కుమ్మరించుట, కూలిన ఇంటిలోనికి బియ్యపు బస్తాలు చేరవేయుట వంటిది. తినువారు ఉండుటకు చోటు లేదు.

పెరటి నేలకు కలుగు చెడుపులు ముఖ్యముగా నాలుగు విధములు.

మొదటిది అణగిపోవుట. ఇల్లు కట్టునపుడు ఇటుకల లారీలు, ఇనుము, కంకర, కాంక్రీటు కలుపు యంత్రము అన్నియు పెరటి మీదుగానే సాగును. నేల తడిగా ఉన్నపుడు బరువు పడినచో హాని మరింత ఎక్కువ; సందులన్నియు ఒకేసారి మూసికొనిపోవును.

రెండవది తలక్రిందులగుట. పునాది త్రవ్విన మన్ను పెరటిలో పరచుదురు. ప్రాణము గల పైమన్ను అడుగున పడి, ఎన్నడును వెలుతురు చూడని అడుగుమన్ను పైకి వచ్చును. దానిలో ఇటుకముక్కలు, సున్నము, సిమెంటు పెచ్చులు కలియును. వీనివలన నేలలో క్షారగుణము పెరిగి, ఇనుము మొదలగు ధాతువులు ఉన్నను మొక్కకు అందకుండును. మొదట చెప్పిన కరివేప పసుపువన్నెకు ఇది యొక కారణము. ఈనెలు పచ్చగా ఉండి, ఈనెల నడుమ లేత ఆకు పసుపుపచ్చనైనచో ఈ దోషమును అనుమానింపవలెను.

మూడవది ఉప్పు, చౌడు. ఉప్పని బోరునీటిని ఏండ్ల తరబడి పోయుటవలనను, బట్టలుతికిన సబ్బునీటిని ఒకే చోట వదలుటవలనను ఇది కలుగును. నీటిని శుద్ధిచేయు ఆర్.ఓ. యంత్రము బయటికి వదలు నీటిలో మూలపు నీటికంటె ఉప్పు పాలు ఎక్కువ. నీరు వృథా పోరాదను సదుద్దేశముతోనే దానిని నిత్యము ఒకే పాదులో పోసిన ఆ పాదు చెడును.

నాల్గవది ఆకలి. రాలిన ఆకును ఊడ్చి కాల్చివేయుట, నేలను అద్దమువలె తుడిచి ఎండకు విడిచిపెట్టుట మన ఇండ్లలో పరిశుభ్రత క్రింద చెల్లుచున్నది. ఆకు రానిదే నేలలోని జీవులకు ఆహారము లేదు. అవి లేనిదే గుళికలు కట్టువారు లేరు.

మీ నేలకు ఏ చెడుపు కలిగినదో తెలియుటకు ఇంటిలోనే చేయదగిన పరీక్షలు కలవు. పెరటిలో మూడు నాలుగు చోట్ల అడుగు లోతు, అడుగు వెడల్పు గల గుంటలు తీయుడు. నీటితో నింపి పూర్తిగా ఇంకనిండు. మరల నింపి గంట సేపు చూడుడు. రెండంగుళములు దిగినచో నేల చక్కగా త్రాగుచున్నది. అరంగుళము కూడ దిగనిచో లోపల బిగువు కలదు. గుంట త్రవ్వునపుడే ప్రక్కగోడను చూచినచో పొరలు కనబడును. గడ్డపార ఏ లోతున ఠంగుమని తగిలెనో అదియే బిగిసిన పొర.

ఎండిన మట్టిబెడ్డను శనగగింజంత తీసికొని, వాననీరు గాని బ్యాటరీలో పోయు శుద్ధజలము గాని ఉన్న గాజుగ్లాసులో మెల్లగా వదలుడు. కదపవలదు. బోరునీరు ఈ పరీక్షకు పనికిరాదు. అందులోని లవణములు ఫలితమును మార్చును. బెడ్డ విడిపోక నిలిచినచో నేల కట్టు బాగున్నది. బెడ్డ ముక్కలై పడి నీరు తేటగా ఉన్నచో కట్టు బలహీనము, ఆకుఎరువు కావలెను. బెడ్డ చుట్టును పాలవంటి మబ్బు క్రమ్మినచో చౌడు దోషమును అనుమానింపవలెను. మరియొక చిటికెడు మన్నుపై నిమ్మరసము గాని, వినిగరు గాని నాలుగు చుక్కలు వేయుడు. బుసబుస పొంగినచో సున్నము కలదు.

వీనితో అనుమానము తీరనిచో భూసార పరీక్ష చేయింపవలెను. 2015లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన భూసార పత్రముల పథకమునందు రైతుల నేలలను 12 అంశములలో పరీక్షించు ఏర్పాటు చేసిరి. నమూనా తీయుటలోనే పరీక్ష విలువ యున్నది. పెరటిలో ఐదారు చోట్ల పైనున్న చెత్తను తొలగించి, జానెడు లోతునకు కొంచెము తక్కువగా ఆంగ్లపు 'వి' అక్షరము ఆకారమున గుంట తీసి, దాని ప్రక్కనుండి పైనుంచి క్రిందివరకు సమముగా మన్ను గీకి తీయుడు. అన్నియు కలిపి, నీడను ఆరబెట్టి, అరకిలో పంపుడు. ఎరువు వేసిన చోటను, పెంటకుప్ప ప్రక్కను, గోడవారను తీయరాదు. వచ్చిన పత్రములో మొదట ఉదజని సూచికను చూడుడు. అది ఆరున్నరకును ఏడున్నరకును నడుమ ఉన్నచో నిశ్చింత. ఎనిమిదిన్నరకు మించినచో చౌడు లక్షణము. తరువాత సేంద్రియ కర్బనమును చూడుడు. అది నూటికి అరపాలు కంటె తక్కువైనచో తక్కువని లెక్కింతురు. ముప్పాతిక పాలు మించినచో ఎక్కువందురు. మన ఉష్ణప్రాంతములందు ఆ ముప్పాతికకు చేరుటయే గొప్ప.

ఇక చికిత్స. దీనికి ఒక వరుస కలదు. మొదట చెత్త తీయుట, పిదప నేల విప్పుట, తరువాత ఉప్పు దోషమున్నచో దానిని కడుగుట, ఆ మీదట ఆహారము పెట్టుట, చివరకు కప్పి కాపాడుట. ఈ వరుస తప్పినచో పడిన శ్రమ నిలువదు.

సిమెంటు పెచ్చులు, సున్నపు గడ్డలు, ప్లాస్టిక్కు ముక్కలు చేతికి చిక్కినంతవరకు ఏరివేయుడు. ఇటుకముక్కలు కొన్ని మిగిలినను హాని లేదు. సున్నము, సిమెంటు మిగులరాదు. ఇంకను పసుపువన్నె విడువని మొక్కలకు లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేదిని, ఒక గ్రాము నిమ్మ ఉప్పును కలిపి చల్లని వేళ ఆకులపై చల్లిన పచ్చబడును. ఇది తాత్కాలికోపశమనము మాత్రమే. నేల మారినపుడే రోగము మారును.

నేలను విప్పుటకు పదును చూడవలెను. పిడికెడు మన్ను పిసికి వదలినచో ముద్ద కట్టి, వ్రేలితో తట్టగానే విడిపోయినచో అది పదును. సాగి జిగటగా ఉన్నచో ఆగవలెను. తడిమన్నును త్రవ్వుట దానిని మరల అణచుటయే. ఒక ప్రక్కనుండి జానెడు లోతు చాలు త్రవ్వి ఆ మన్నును విడిగా పెట్టుడు. చాలు అడుగును గడ్డపారతో మరియొక జానెడు లోతున పెకలించి అక్కడనే వదలుడు. అడుగుమన్నును పైకి తేరాదు. దానిపై చివికిన ఎరువు పరచుడు. ప్రక్కచాలు త్రవ్విన పైమన్నును దీనిపై వేయుడు. ఈ విధముగా పెరడంతయు సాగవలెను. ఇంటి పునాది దరిని, పెద్దచెట్ల మొదళ్ల వద్దను లోతుగా త్రవ్వరాదు. విప్పిన నేలను మరల త్రొక్కరాదు. నాలుగడుగుల వెడల్పున మళ్లు చేసి నడుమ కాలిబాటలు విడిచినచో, ఇరుప్రక్కలనుండి చేయి అందును. కాలు మడిలో పెట్టు పని ఉండదు.

నల్లరేగడి పెరడు గలవారు ఇసుక కలిపిన నేల వదులగునని తలచుచుందురు. కొలదిపాటి ఇసుక బంకమన్నులో కలిసి మరింత గట్టిపడును. ఫలము కనబడవలెనన్న, మన్నుతో సమానమగు రాశిలో ఇసుక కావలసి యుండును. ఆ ధనముతో ఎరువు కొనుట మేలు.

ఉప్పు, చౌడు అను రెండు దోషములను ఒకటిగా తలచుట వలన పలువురి ప్రయత్నములు విఫలమగుచున్నవి. ఉప్పునేలలో నీటిలో కరగెడు లవణములు అధికము. వేసవిలో తెల్లని పొర తేలును. చుట్టును నీరున్నను మొక్క దానిని పీల్చుకొనజాలదు. దీనికి మందు మంచినీరే. మడికి గట్లు కట్టి వాననీరు నిలిపినచో, అడుగు లోతు నేలగుండ అడుగు నీరు దిగునప్పటికి అందులోని ఉప్పులో ఇంచుమించు ఐదింట నాలుగు పాళ్లు క్రిందికి కడుగుకొనిపోవును. నీరు క్రిందికి పోవు దారి మాత్రము ఉండవలెను. అందుకే నేల విప్పుట ముందు చెప్పినాము.

చౌడునేలలో సోడియము బంకరేణువులనే అంటిపెట్టుకొని యుండును. ఆ రేణువులు ఒకదానినొకటి పట్టుకొనక, తడి తగులగానే చెదరి సందులను పూడ్చివేయును. పూర్వము చాకలివారు బట్టలుతుకుటకు చౌడుమన్ను వాడెడివారు. అందులో సోడా ఉండుటయే కారణము. ఇట్టి నేలను వట్టి నీటితో కడుగజాలము. జిప్సము కావలెను. జిప్సములోని కాల్షియము బంకరేణువులపై నున్న సోడియమును వెడలగొట్టి తాను ఆ చోట కూర్చుండును. వెడలిన సోడియము నీటిలో కరగి దిగిపోవును. జిప్సము మోతాదు పరీక్షను బట్టి యుండును. ఎకరమునకు 2 టన్నులని చెప్పినచో చదరపు మీటరునకు అరకిలో లెక్క. ఇది లీటరు నీటిలో రెండు గ్రాములకు కొంచెము మించి మాత్రమే కరగును గావున, పైమన్నులో బాగుగ కలిపి పలుమారులు తడుపవలెను. చౌడు లేని నేలకు జిప్సము వేసిన నేల కట్టు మారదు. ఇప్పటికే సున్నపు పెచ్చులున్న నేలకు చౌడు మందని సున్నము వేయుట పొరపాటు.

తీరప్రాంతముల వారికి ఇందు ఒక హెచ్చరిక కలదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వంటి విపత్తు తరువాత ఈ రెండు దోషములును ఒకదాని వెంట నొకటి రాగలవు. సముద్రపు నీరు తీసిన పిమ్మట, ఉప్పున్నంతకాలము నేల పొడిపొడిగానే కనబడును. ఉప్పునీరు బంకరేణువులను చెదరనీయదు. వానలకు ఉప్పు కడిగిపోయిన తరువాత, అంటుకొని మిగిలిన సోడియము బయటపడి నేల ఒక్కసారిగా బిగియును. కావున ఉప్పు పూర్తిగా కడిగిపోవుటకు ముందే జిప్సము వేయుట మంచిది. 1953 ఫిబ్రవరిలో సముద్రము ముంచిన నెదర్లాండ్సు పొలములకు ఆ దేశమువారు జిప్సము వాడిరి. మన దేశమున 1969లో కర్నాలునందు లవణమృత్తికల పరిశోధనకు ప్రత్యేకసంస్థ ఏర్పడినది. బాపట్లయందును ఈ పరిశోధన జరుగుచున్నది. నేల బాగుపడు లోపల ఉప్పును ఓర్చు మొక్కలను ఎన్నుకొనవచ్చును. కొబ్బరి, సపోట, పాలకూర, బీటుదుంప కొంత ఓర్చును. చిక్కుడు, నిమ్మ, మామిడి ఓర్వజాలవు.

దోషము తొలగిన నేలకు ఇక ఆహారము. అది చివికిన ఆకుఎరువే. పది చదరపు మీటర్ల మడికి రెండంగుళముల మందము పరచుటకు అర ఘనపు మీటరు ఎరువు పట్టును. ఇంటిలో తయారుచేసికొనుట కష్టము కాదు. ఇందూరులో 1924 మొదలు 1931 వరకు పనిచేసిన సర్ ఆల్బర్టు హోవర్డు పండితుడు, మన రైతుల పెంటకుప్పను శాస్త్రీయముగా పరిశీలించి ఒక పద్ధతిని ఏర్పరచెను. ఎండుటాకు, పచ్చియాకు, పశువుల పేడ, కొంచెము మన్ను, కట్టెల బూడిద పొరలు పొరలుగా పేర్చి, తడి చల్లి, మూడు మారులు తిరుగవేసినచో మూడు నెలలలో ఎరువగును. కుప్ప లోపల వేడి 60 డిగ్రీల వరకు పోయి కలుపు విత్తనములను చంపును. తిరుగవేయుటకు తీరికలేని వారికి బెంగుళూరులో సి.ఎన్. ఆచార్య రూపొందించిన పద్ధతి కలదు. గుంటలో చెత్తను పేడతో పేర్చి పైన మట్టి మెత్తి వదలినచో ఆరు నుండి ఎనిమిది నెలలలో ఎరువగును. వంటింటి కూరతొక్కులతో పాటు ఎండుటాకు తప్పక కలపవలెను. తొక్కులే వేసిన కుళ్లి వాసన వచ్చును. పచ్చి రంపపుపొట్టును మాత్రము నేలలో కలుపరాదు. దానిని చివికించు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తామే తీసికొని మొక్కను పస్తుంచును.

చెరువు పూడికమన్ను, మంద కట్టుట మన పెద్దలెరిగిన విధానములు. వేసవిలో ఎండిన చెరువు ఒండ్రును చేలకు తోలుట ప్రాచీనాచారము. 2015లో తెలంగాణమున మిషన్ కాకతీయ క్రింద చెరువుల పూడిక తీసినపుడు రైతులు దానిని మరల అనుసరించిరి. ఎర్రచెల్క పెరడు గలవారికి ఇది మిక్కిలి మేలు. బంకనేల వారికి అవసరము లేదు. గుట్టమన్ను కొనుటకును దీనికిని భేదము గమనింపుడు. ఒండ్రు తీసినచో చెరువు లోతగును. గుట్ట త్రవ్వినచో గుట్ట పోవును.

తరువాత పచ్చిరొట్ట. తొలకరి పడగానే, మృగశిర కార్తెలో, ఖాళీ మడిలో జనుము చల్లుడు. పది చదరపు మీటర్లకు ఒక గుప్పెడు విత్తనము చాలును. చౌడు మిగిలిన చోట జనుమునకు బదులు జీలుగ వేయుడు; అది చౌడును, నీటి నిలువను ఓర్చును. వీని వేళ్లపై చిన్న బుడిపెలు ఉండును. ఒకదానిని గోటితో చీల్చినచో లోపల గులాబివన్నె కనబడినయెడల, గాలిలోని నత్రజనిని గ్రహించు పని సాగుచున్నదని అర్థము. నలువది యైదు దినములకు, పూత తొడుగునపుడు కోసి, ముక్కలు చేసి పైమన్నులో కలిపివేయుడు. మరి రెండు మూడు వారములకు కూరమొక్కలు నాటుకొనవచ్చును. పచ్చిరొట్ట వేళ్లు గడ్డపార దిగని చోటికి కూడ దిగి, కుళ్లిన పిమ్మట అక్కడ దారులు విడుచును.

ఇంత చేసినను నేలను ఎండకు విడిచిపెట్టరాదు. ఎండుటాకు, వరిగడ్డి, కానుగ రొట్ట ఏది దొరికిన అది మూడంగుళముల మందమున కప్పుడు. వానచినుకుల దెబ్బ నేలపై పడదు. వేసవిలో తడి ఆరదు. మొక్క మొదలును తాకకుండ జానెడు ఎడము ఉంచుడు. ఇంటిగోడకు ఒకటి రెండడుగులు విడిచిపెట్టుడు, లేనిచో చెదలు దారి చేసికొనును. ఈ కప్పు క్రిందనే వానపాములు చేరును. చార్లెస్ డార్విన్ 1881లో వెలువరించిన గ్రంథమున, ఇంగ్లండులో పలుచోట్ల ఎకరమునకు ఏడాదికి పది టన్నులకు మించి మన్ను వానపాముల శరీరముల గుండ పోవుచున్నదని లెక్క కట్టెను. కూలి లేక నేలను దున్నుచుండు ఈ జీవులను కొని తేనక్కరలేదు. ఆహారము, తడి, నీడ ఉన్నచోటికి అవియే వచ్చును.

రసాయనపు ఎరువులు వాడవచ్చునా యని కొందరడుగుదురు. పరీక్షలో కొరత తేలిన పోషకమును ఆ మేరకు వాడుటలో తప్పు లేదు. అవి మొక్కకు ఆహారమగును గాని, నేలకు సందులు కట్టజాలవు.

ఫలితము ఎప్పుడు కనబడును? మొదటి ఏడాది పచ్చిరొట్టయు, బచ్చలి, గోంగూర వంటి మొండి కూరలును మాత్రమే ఆశింపవలెను. గుంటలో నీరు వెనుకటికంటె త్వరగా ఇంకుటయే ఆ ఏటి లాభము. రెండవ ఏట వంగ, బెండ నిలుచును. మూడవ ఏడు మల్లెకును, నిమ్మకును తగిన నేల ఏర్పడగలదు. మన వేడికి ఆకుఎరువు త్వరగా హరించిపోవును గనుక, ఏటేట కొంత వేయుట మానరాదు. నేల నిజముగా బాగుపడినదని తెలుపు గుర్తులు కొన్ని కలవు. తొలివానకు కమ్మని మట్టివాసన లేచును. అది నేలలోని సూక్ష్మజీవులు విడుచు వాసన. కప్పు ఎత్తి చూచినచో వానపాములు విడిచిన మట్టిగుళికలు కనబడును. గడ్డపార బరువునకే జానెడు దిగును.

ఇందుకు కావలసినవన్నియు చాలవరకు మన ఇంటిలోనివే: రాలిన ఆకు, కూరల తొక్కు, వాననీరు. వీనినే మనము ఇంతవరకు కాల్చుచును, పారవేయుచును, వీధిలోనికి పంపుచును ఉన్నాము. పెరటి నేలపై సిమెంటు పోయించుటకు మేస్త్రీని పిలుచుటకు ముందు, ఈ ఆదివారము ఒక గుంట తీసి నీరు పోసి, గడియారము దగ్గర పెట్టుకొని చూడుడు. పిల్లలను కూడ ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. నేల ఎంత త్రాగినదో ఒక కాగితముపై వ్రాసి దాచి, వచ్చే ఏడాది అదే మాసమున అదే చోట మరల కొలువుడు.